ఎండల్లో ఒంటి లోపలి పంపకాలు

(ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం సాయంత్రం చీమకుర్తిలో, మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరైన ఒక డాక్టరుగారు క్వారీ కార్మికులు, వాళ్ల ఇళ్లవాళ్లు, ఇంటర్ పిల్లల ముందు మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

వెనక వరసకి వినపడుతోందా? గోడవారన నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చాప ఖాళీగానే ఉంది. మైకు దగ్గర అబ్బాయ్, కొంచెం సౌండు తగ్గించు నాయనా, నా గొంతుకి నాకే భయమేస్తోంది.

నన్ను పిలిచినవాళ్లు "వడదెబ్బ మీద నాలుగు జాగ్రత్తలు చెప్పండి సార్" అన్నారు. జాగ్రత్తలు మీకు తెలియనివా? గొడుగు, నీళ్లు, మజ్జిగ, మధ్యాహ్నం బయట తిరగొద్దు. ఏటా పేపర్లో వేస్తారు, ఏటా చదువుతారు, ఏటా పన్నెండింటికి క్వారీ గుంటలోనే ఉంటారు. పని అట్లాంటిది మరి. అందుకని జాగ్రత్తల సంగతి తర్వాత. ముందు ఎండలో పనిచేసే మనిషి ఒంటి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. అది తెలిస్తే ఏ జాగ్రత్త ప్రాణం కాపాడేదో, ఏది ఉత్త మాటో మీరే తేల్చుకుంటారు.

ఒక ప్రశ్న. బయట 44 డిగ్రీలు. గుంటలో దిగారు, చుట్టూ రాయి కాలుతోంది. ఆ మనిషి నాలుక కింద థర్మామీటరు పెడితే ఎంత చూపిస్తుంది? గట్టిగా చెప్పండి. 44 ఎవరన్నారు? 44 ఉంటే మనిషి ఉండడయ్యా! 37, మహా అయితే 38. అదే మనిషి సంక్రాంతి పండగనాడు తెల్లవారుజామున వణుకుతూ భోగిమంట వేస్తున్నప్పుడు చూడండి, అప్పుడూ 37 చుట్టుపక్కలే. బయట పాతిక డిగ్రీల తేడా వచ్చింది. లోపల ఒక్క డిగ్రీ.

దీన్ని బాగా మొండిగా పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. 1774లో లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే డాక్టరు, ఇంకొందరు పెద్దమనుషులు, బాగా కాల్చిన గదిలోకి వెళ్లి నిలబడ్డారు. కొన్నాళ్లకి వేడి పెంచుకుంటూ పోయి 127 డిగ్రీల దాకా తీసుకెళ్లారు. నీళ్లు మరిగేది 100కి. మన కొండపి వైపు పొగాకు బ్యారన్‌లో ఆకు ఈనె ఆరే ఆఖరి దశలో కూడా డెబ్బై దాటితే గొప్ప. వీళ్లు 127లో కొన్ని నిమిషాలు నిలబడి బయటికొచ్చారు. ఆ గదిలోనే పెట్టిన కోడిగుడ్లు ఉడికిపోయాయి, మాంసం ముక్క కాలిపోయింది. మనిషి మాత్రం మామూలుగా ఉన్నాడు.

ఇంకో సంగతి కూడా చేశారు, నాకు అదే ఎక్కువ ఇష్టం. ఆ గదిలో కుండతో నీళ్లు పెట్టారు. అంత వేడిలోనూ నీళ్లు మరగలేదు. పైన కొంచెం నూనె పోశారు. అప్పుడు మరిగాయి. ఎందుకు? నూనె లేనప్పుడు నీళ్లు పైనుంచి ఆవిరైపోతూ వేడిని పట్టుకెళ్తున్నాయి. నూనె పొర కప్పేసరికి ఆ దారి మూసుకుపోయింది. ఇంటర్ పిల్లలూ, ఇది రాసుకోండి. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వేడి మనకి బయటి నుంచే వస్తుందనుకుంటాం. లోపలి నుంచి పుట్టేదే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. తిన్న తిండిలోని శక్తిలో నాలుగో వంతే కండరం పనిగా మారుస్తుంది, మిగతా ముప్పావు వంతు వేడి. కండరంలో ఆ శక్తి ఏ రూపంలో ఉంటుందో 1927లో బయటపెట్టినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. పరీక్షలో అడగరులే, అయినా పేరు గుర్తుపెట్టుకోండి.

ఊరికే కూర్చున్న మనిషికి లోపల పుట్టే వేడి బయటికి పోయే దారి లేకపోతే, గంటకి సుమారు 1 డిగ్రీ పెరుగుతుంది. డ్రిల్లింగ్ మిషను పట్టుకుని రాయి తొలిచే మనిషికి? గంటకి 5, 6 డిగ్రీలు. 37కి 5 కలపండి. 42. ప్రాణం మీదికి వచ్చినట్టే. మీరు రోజంతా ఆ పని చేసి సాయంత్రం టీ కొట్టు దగ్గర రాజకీయాలు మాట్లాడుతున్నారంటే ఆ వేడంతా ఎటో పోతోంది కదా?

గాలి చల్లగా ఉంటే గాలిలోకి పోతుంది. కానీ చర్మం ఉండేది 35 డిగ్రీల దగ్గర. గాలి దాన్ని దాటిందంటే ఇక మనం గాలికి వేడి ఇవ్వలేం, గాలే మనకి ఇస్తుంది. మే నెలలో మన ఊళ్లో పొద్దున పదీ పదకొండుకే ఆ గీత దాటిపోతుంది. అప్పుడు మిగిలేది ఒక్కటే దారి, చెమట ఆరడం. పట్టడం కాదమ్మా, ఆరడం. లీటరు చెమట ఒంటి మీద ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పట్టుకుపోతుంది. గంట సేపు గట్టి పని చేస్తే పుట్టే వేడి కన్నా ఎక్కువే అది. కానీ కారి నేల మీద పడ్డ చెమట, తువ్వాలుతో తుడిచేసుకున్న చెమట మనకి చేసేదేమీ లేదు. నీళ్లూ ఉప్పూ దండగ.

అందుకే చూడండి, కనిగిరిలో 43 ఉన్నా నీడకొస్తే ప్రాణం తెరిపిన పడుతుంది. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువు గట్టున 37కే ఊపిరాడదు. ఒళ్లంతా తడే, చల్లదనం లేదు. గాలిలోనే తేమ నిండి ఉంటే చెమట ఎక్కడికి ఆరుతుంది? బ్లాగ్డెన్ కుండ మీద నూనె పోసినట్టే. టీవీలో డిగ్రీలు చూసి "ఇవాళ తక్కువేలే" అనుకోవద్దు. తేమ ఎంతో కూడా చూడండి. 2015 మే నెల గుర్తుందా? మన రాష్ట్రంలోనే ఎండకి వెయ్యి మందికి పైగా పోయారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. ఆ ఏడు రోహిణి ఇంకా రాకముందే మొదలైంది.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. చెమట ఎక్కడి నుంచి వస్తుంది? నెత్తుట్లోంచి. లోపలి వేడిని చర్మం దాకా మోసుకొచ్చేదీ నెత్తురే. పనిచేసే కండరానికి ఆక్సిజన్ తెచ్చిపెట్టేదీ నెత్తురే. మొత్తం ఉన్నదెంత? పెద్ద మనిషికి 5 లీటర్లు. ఊరికే కూర్చుంటే గుండె ఆ 5 లీటర్లూ నిమిషానికి ఒకసారి తిప్పుతుంది. ఎండ ముదిరితే ఒక్క చర్మమే నిమిషానికి 7, 8 లీటర్లు అడుగుతుంది. కండరాలు అంతకన్నా ఎక్కువ అడుగుతాయి. గుండె గబగబా కొట్టుకుంటుంది, ఎక్కువ తిప్పుతుంది. అయినా అందరికీ చాలదు.

సోమశిల కింద సాగు చేసుకునే చుట్టాలు మీలో చాలామందికి ఉంటారు. డ్యాములో నీళ్లు తక్కువైన ఏడు ఏం చేస్తారు? తాగునీళ్లు ముందు. తర్వాత కొన్ని కాలువలకి వంతులు, కొన్నిటికి కట్టేయడం. ఒంట్లో కూడా సరిగ్గా అదే. మెదడు, గుండె, వీటి వాటా తగ్గించరు. మొదట కట్టేసేది పేగులకి, కిడ్నీలకి. ఎండలో పని చేసి రాగానే అన్నం ముందు కూర్చుంటే సయించదు, కడుపులో తిప్పుతుంది. భార్య ఏమో కూర బాగోలేదేమో అనుకుంటుంది. కూర తప్పు కాదమ్మా, పేగులకి నీళ్లు కట్టేశారు! అరగంట నీడన కూర్చుని నీళ్లు తాగి తినమనండి.

ఈ పంపకాలు ఎవరు చేస్తారు? మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం. దాని గుండా పారే నెత్తురు ఎంత వేడిగా ఉందో అదే చూసుకుంటుంది. మెడ పక్కన రక్తనాళంలో, గుండె పైన పెద్ద రక్తనాళంలో బీపీ కనిపెట్టే నరాలు ఉంటాయి. వేడి చూసేది ఒకరు, బీపీ చూసేది ఒకరు. నీళ్లు చాలినంత సేపు ఇద్దరికీ పేచీ లేదు. చెమటగా 3, 4 లీటర్లు పోయి, తాగింది అర లీటరు అయితే? నెత్తురు తగ్గింది. బీపీ పడిపోతోంది. చర్మానికి తెరిచిపెట్టిన నాళాలు మూస్తే బీపీ నిలబడుతుంది. మూస్తే వేడి లోపలే ఉండిపోతుంది. ఏది ఎంచుకుంటుంది ఒళ్లు?

బీపీనే. చర్మానికి కట్టేస్తుంది. చెమట తగ్గుతుంది. అక్కడి నుంచి వేడి పరుగున ఎక్కుతుంది. వడదెబ్బకి ముందు జరిగేది చాలాసార్లు ఇదే. అంటే మనిషి ఎండకే కాదు, నీళ్ల కొరతకి కూడా పడిపోతున్నాడు. 40 దాటాక మెదడు దెబ్బతింటుంది. మాట తడబడుతుంది, పిచ్చి పిచ్చిగా మాట్లాడతాడు, కొట్లాటకి కూడా వస్తాడు. తాగొచ్చాడేమో అనుకుంటారు పక్కవాళ్లు. అట్లా అనుకుని ఓ మూల పడుకోబెట్టారంటే పోయినట్టే. ఇంకో మాట. వడదెబ్బకి చెమట ఉండదని అంటారు. పని చేస్తూ పడిపోయినవాడికి ఒళ్లు తడిగానే ఉండొచ్చు. చెమట ఉందిగా అని ఊరుకోవద్దు.

కిడ్నీల దగ్గరికి వస్తాను. రోజుకి 180 లీటర్లు వడగడతాయి ఈ రెండూ. 180! అందులో లీటరున్నర మాత్రం బయటికి పంపి, మిగతాదంతా వెనక్కి లాక్కుంటాయి. నెత్తురు ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్ వదులుతుంది, కిడ్నీలు నీళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. మూత్రం తగ్గి, చిక్కబడి, ముదురు పసుపు అవుతుంది. కానీ దానికీ హద్దుంది. రోజుకి అర లీటరన్నా బయటికి పోకపోతే లోపలి చెత్త పోదు. అంతకన్నా చిక్కగా చేయడం వాటి చేత కాదు. సముద్రం నడిబొడ్డున దాహంతో చచ్చిపోయేవాళ్లు ఉన్నారంటే కారణం అదే. లీటరు సముద్రపు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు. ఆ ఉప్పుని బయటికి తోలాలంటే కిడ్నీ తాగినదానికన్నా ఎక్కువ నీళ్లు ఖర్చు పెట్టాలి.

సారా తాగినవాళ్లకి ఇంకో చిక్కు, మందు ఆ వాసోప్రెసిన్‌నే అణిచేస్తుంది. చల్లటి బీరు దాహం తీరుస్తుందని నాతో వాదించకండి.

మరి దాహం? దాహం ఆలస్యంగా వస్తుంది. 60 కిలోల మనిషికి లీటరు దాకా పోయాక గానీ గట్టిగా వేయదు. తాగగానే తొందరగా తీరిపోతుంది కూడా. నీళ్లు ఇంకా కడుపులోనే ఉంటాయి, నెత్తుట్లోకి ఎక్కలేదు, గొంతు తడిసింది కాబట్టి మెదడు చాలనేస్తుంది. దాహాన్ని నమ్ముకుని పని చేసేవాడు సాయంత్రానికి ఎప్పుడూ బాకీలోనే ఉంటాడు. పెద్దవాళ్లకి దాహం ఇంకా మందగిస్తుంది. మా అమ్మకి దాహమే వేయదు సార్ అని గొప్పగా చెప్తారు కొందరు. అది గొప్ప కాదు నాయనా, ఆమె చేతికి గ్లాసు ఇచ్చి తాగేదాకా నిలబడు.

ఇక ఉప్పు. చొక్కా ఆరాక వీపున తెల్లటి చారలు చూస్తారే, అదే. కొత్తగా ఎండలోకి దిగినవాడి చెమటలో లీటరుకి 3, 4 గ్రాముల ఉప్పు దాకా పోవచ్చు. అట్లా పోతుంటే వట్టి నీళ్లు బిందెలకొద్దీ తాగినా పని జరగదు. నెత్తుట్లో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి, మరీ ఎక్కువైతే ఫిట్స్. రాత్రి పిక్కలు పట్టేసి లేచి కూర్చోవడానికి కూడా ఒక కారణం ఇదే. అన్నం, పచ్చడి, మజ్జిగలో ఉప్పు మామూలుగా తినేవాళ్లకి చాలావరకు సరిపోతుంది. రోజంతా చెమట ఓడ్చేవాళ్లకి మాత్రం ఓఆర్ఎస్ మంచిది.

ఓఆర్ఎస్‌లో చక్కెర ఎందుకు, రుచికా? కాదు. పేగు గోడలో ఉప్పునీ గ్లూకోజునీ జంటగా లోపలికి లాక్కునే దారి ఉందని 1960లో రాబర్ట్ క్రేన్ అనే ఆయన చెప్పాడు. ఆ రెండూ పోతే వాటి వెంట నీళ్లూ పోతాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో బెంగాల్ శరణార్థుల శిబిరంలో కలరా లేస్తే, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఈ నీళ్లే డ్రమ్ముల్లో కలిపి తాగించి వేల మందిని బతికించాడు. ఒక షరతు. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరులోనే కలపండి. గ్లాసులో కలిపి చిక్కగా తాగితే మేలు కన్నా కీడు. మన గూడూరు నిమ్మకాయ పిండుకుంటే ఎవరూ కాదనరు.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్క రోజు లెక్క. నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చింది వేరే ఉంది. మేస్త్రీలు, సూపర్‌వైజర్లు ఎవరన్నా ఉంటే ఇది వినండి.

రోజూ ఎండలో కొంత సేపు పని చేస్తే వారం నుంచి రెండు వారాల్లో ఒళ్లు మారిపోతుంది. నెత్తుటిలో నీటి భాగం పెరుగుతుంది, ఇది నాలుగైదు రోజుల్లోనే జరుగుతుంది. అదే పనికి గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. చెమట ముందుగానే మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, ఉప్పు మాత్రం తగ్గుతుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ వచ్చి కిడ్నీకీ చెమట గ్రంథికీ ఉప్పు వదలొద్దని చెప్తుంది. లీటరుకి 3, 4 గ్రాములు పోయేవాడికి 1 గ్రాము చుట్టుపక్కలకి వస్తుంది. అమెరికాలో జెరోమ్ కాన్ అనే డాక్టరు రెండో ప్రపంచ యుద్ధం నాడు సైనికులు ఉక్కకి ఎట్లా అలవాటు పడతారో చూశాడు. ఆ చెమట ఉప్పు లెక్కలే పదేళ్ల తర్వాత ఆయనకి అక్కరకొచ్చాయి. అడ్రినల్ గడ్డ వల్ల వచ్చే ఒక రకం బీపీని కనిపెట్టాడు. ఇవాళ దానికి ఆయన పేరే.

కష్టం ఎక్కడంటే ఈ అలవాటు నిలవ ఉండదు. రెండు మూడు వారాలు ఎండకి దూరమైతే కరిగిపోతుంది. ఒడిశా నుంచి, బీహార్ నుంచి మన క్వారీలకి వచ్చే పిల్లలు చెల్లెలి పెళ్లికని ఊరెళ్తారు. నెల తర్వాత మే నెలలో రైలు దిగుతారు. ముందు రోజు రైల్లో తిండి లేదు, నిద్ర లేదు. మర్నాడు పొద్దున్నే గుంటలోకి. పాత మనిషేగా, పని తెలిసినవాడేగా అంటాడు మేస్త్రి. పని తెలుసయ్యా, ఒంటికి ఎండ మర్చిపోయింది! అమెరికా ప్రభుత్వం లెక్కల్లో, ఎండకి పనిచోట చనిపోయినవాళ్లలో దాదాపు సగం మంది మొదటి రోజునే పోయారు. దక్షిణాఫ్రికా బంగారు గనులవాళ్లు 1930లలోనే కొత్తవాళ్లని ముందు వేడికి అలవాటు చేసి తర్వాత లోతుకి దింపేవాళ్లు. బంగారం కోసమేలే, ప్రేమతో కాదు. అయినా చావులు తగ్గాయి.

కొత్తవాడికి మొదటి రోజు ఎండలో పని అయిదో వంతే ఇవ్వండి. రోజుకి ఇంకో అయిదో వంతు పెంచండి. అయిదో రోజుకి పూర్తి పని. పాతవాడు సెలవు నుంచి వస్తే సగంతో మొదలుపెట్టండి. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఇందాక ఒకాయన చెవిలో "కాంట్రాక్టరు ఒప్పుకోడు సార్" అన్నారు. మనిషి పడిపోతే ఆగిపోయే పని ఎన్ని రోజులో ఆ కాంట్రాక్టరుకి లెక్కేసి చూపించండి.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను, ఇది మాత్రం నాకు బాగా కోపం తెప్పించేది. ఒళ్లు నొప్పుల బిళ్లలు. పొద్దున పనికి పోయే ముందు మెడికల్ షాపులో ఒకటి, సాయంత్రం ఒకటి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఈ జాతి. ఇందాక కిడ్నీలకి కట్టేస్తారన్నాను కదా. పూర్తిగా ఎండిపోకుండా కిడ్నీ తనకి తాను ఒక ఏర్పాటు చేసుకుంటుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేసి తన నాళాన్ని కాస్త తెరిచిపెట్టుకుంటుంది. ఈ నొప్పి బిళ్ల పని ఏంది? ప్రోస్టాగ్లాండిన్లని ఆపడం. నొప్పి పోయేది అందుకే. కిడ్నీ పెట్టుకున్న ఆ చిన్న ఏర్పాటు పోయేదీ అందుకే. నీళ్లు తాగిన రోజు, నీడలో ఉన్న రోజు ఒకటి వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. చెమట ఓడుస్తూ, నీళ్లు లేక, నెలల తరబడి వేసుకుంటే? ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు కొట్టే కూలీలు షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు పోగొట్టుకుంటున్నారు. రోజూ ఎండలో ఒళ్లు ఎండిపోయేదాకా పని చేయడం అందులో పెద్ద పాత్ర వహిస్తోందని అక్కడి డాక్టర్లు చాలామంది అంటున్నారు.

సాయంత్రం ఇంటికెళ్లాక మూత్రం రంగు చూసుకోండి. సిగ్గుపడేదేముంది? లేత పసుపైతే సరే. టీ డికాషన్ రంగులో ఉంటే, మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా రాకపోతే, మర్నాడు పనికి పోవద్దు, ఆస్పత్రికి పోండి.

అడగండి ఇప్పుడు.

బీపీ బిళ్లల సంగతా అమ్మా? మంచి మాట అడిగారు. బీపీకి ఇచ్చేవాటిలో కొన్ని మూత్రం ఎక్కువ పోయేట్టు చేస్తాయి, కొన్ని కిడ్నీకి నెత్తురందే తీరుని మారుస్తాయి. ఎండల్లో మోతాదు మార్చాల్సి రావచ్చు. మీ అంతట మీరు మానేయొద్దు, పక్షవాతం తెచ్చుకుంటారు. ఇప్పుడే, ఈ ఏప్రిల్‌లోనే, మీ డాక్టరు దగ్గరికెళ్లి "ఎండల్లో ఇదే మోతాదా?" అని అడగండి. గుండె జబ్బుతో కాళ్లు వాచేవాళ్లు కూడా అంతే. నీళ్లు ఎక్కువ తాగమని నేను చెప్పింది వాళ్లకి కాదు. ఎంత తాగాలో వాళ్ల డాక్టరే చెప్పాలి.

ఆ చివర అబ్బాయ్? వడదెబ్బకి జ్వరం బిళ్ల వేయొచ్చా? వేయొద్దు. జ్వరంలో హైపోథాలమస్ తానే కావాలని వేడి పెంచుకుంటుంది, 39 కావాలని కూర్చుంటుంది. అందుకే జ్వరమొస్తే చలేస్తుంది, దుప్పటి అడుగుతాం. పారాసిటమాల్ ఆ కోరికని తగ్గిస్తుంది. వడదెబ్బలో మెదడు 37నే కోరుకుంటోంది, వేడి బయటికి పోయే దారే లేదు. బిళ్ల ఎవరికి చెప్తుంది? నీడకి లాగండి. 108కి ఫోను చేయండి. చొక్కా విప్పి ఒళ్లంతా నీళ్లు పోయండి, ట్యాంకరు పైపు దొరికితే ఇంకా మంచిది. ఒకరు అట్టముక్కతో గట్టిగా విసరండి, నీళ్లు ఆరాలి. ఐస్ దొరికితే చంకల్లో, మెడ మీద, గజ్జల్లో పెట్టండి. తెలివిలో లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బండి వచ్చిందని ఆపేయొద్దు. బండి ఎక్కించేదాకా తడుపుతూనే ఉండండి, వీలైతే బండిలో కూడా.